పిల్లల పాదం చదునుగా ఉందా? ఇంట్లోనే చూడండి

బడి నుంచి వచ్చిన పిల్ల చీలమండ లోపలివైపు నొప్పంటే ‘ఎదిగే వయసు’ అని వదిలేయొద్దు. పాదం తడిపి, పొడి తాండూరు బండ మీద నిలబెట్టండి. నడుమ వంపు లేకుండా పాదమంతా అచ్చు పడితే చదును పాదం. ఇప్పుడు మునివేళ్ల మీద లేవమని వెనక నుంచి చూడండి. వంపు తేలి, మడమ లోపలికి తిరిగితే, నొప్పి కూడా లేకుంటే, సాధారణంగా వైద్యం అక్కర్లేదు. తేలకుంటే లోపల ఎముకలు కలిసిపోయి ఉండొచ్చు. ఎముకల డాక్టరుకు చూపించాలి.

పిక్క బిగుతుంటే గోడకు చేతులానించి, ఒక కాలు వెనక్కి పెట్టి, ఆ మోకాలు వంచకుండా ముందుకు వాలి 30 సెకన్లు ఆగాలి, కాలికి 3 సార్లు. మడమ లేచిందా, పిక్క సాగదు.

వచ్చే ఏడాదికీ వస్తుందని పెద్ద బూట్లు కొనొద్దు, పాదం జారి బొబ్బలొస్తాయి. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగిన పిల్లలకైతే మోకాళ్లూ చూడండి. అవి లోపలికి వంగినా పాదం ఒరుగుతుంది.