డ్రాగన్ నిధి మన డబ్బులో ఎంత? ఆట నాణేలను రూపాయల్లోకి మార్చే లెక్క

పాత్రలు ధరించి, పాచికలు వేస్తూ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో సంచీలోకి 300 బంగారు నాణేలు రాగానే ఎవరైనా చేసే మొదటి పని, ఫోన్లో బంగారం ధర చూసి గుణించడం. లెక్క చెడేది అక్కడే. కింద వాడిన ధరలు, కూలీలు 2014 నాటి ఐదో ఎడిషన్ నియమాలవి. 1 బంగారు నాణెం అంటే 10 వెండి, లేదా 100 రాగి నాణేలు.

ముందు ఆ తప్పు లెక్కే చేసి చూద్దాం. ఏ లోహపు నాణేలైనా 50 కలిస్తే ఒక పౌను బరువు (సుమారు 454 గ్రాములు), అంటే నాణెం 9.07 గ్రాములు. మన బంగారం కొట్టు భాషలో ఒక కాసు, పైన ఇంకో గ్రాము. విజయనగరం వరహా దాదాపు 3.4 గ్రాములు, ఫ్లోరెన్స్ ఫ్లోరిన్ 3.5 గ్రాములు. ఆట నాణెం వాటికి రెండున్నర రెట్లకు పైనే. లెక్క తేలికకు గ్రాము బంగారం 10,000, వెండి 100 రూపాయలు అనుకుందాం (మీరు చేసేటప్పుడు ఆనాటి ధర వేసుకోండి). బంగారంగా తూస్తే ఒక నాణెం 90,700 రూపాయలు. దానికి సమానమని ఆట చెప్పే పది వెండి నాణేలను తూస్తే 9,070. ఒకే మొత్తానికి పదింతల తేడాతో రెండు జవాబులు! ఆటలో బంగారం వెండికి పదింతలే, నేటి బజారులో ఆ తేడా ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి బరువు లెక్కను మోత తేల్చడానికే ఉంచుకోండి.

నమ్మదగిన కొలత కూలి. పని రాని కూలీకి రోజుకు 2 వెండి నాణేలని నియమాల్లోనే ఉంది. మీ ఊళ్లో రోజుకూలి ఎంతో కనుక్కోండి. దాన్ని రెండుతో భాగిస్తే వెండి నాణెం విలువ, దాన్ని పదితో గుణిస్తే బంగారు నాణెం విలువ. కూలి 700 అనుకుంటే రాగి నాణెం 35, వెండి 350, బంగారు నాణెం 3,500 రూపాయలు.

ఇప్పుడు సరిచూసుకోండి. రొట్టె 2 రాగి, అంటే 70 రూపాయలు. లోటా ఏల్ (ఒక రకం బీరు) 4 రాగి, 140. ఆవు 10 బంగారు నాణేలు, 35,000. ఇంతవరకూ ఫరవాలేదు. కోడి మాత్రం 70 రూపాయలకే వస్తుంది, మేక 3,500కి. మిరియాలు పౌను 2 బంగారు నాణేలు కాబట్టి కిలో 15,000 దాటుతుంది. అది సముద్రాలు దాటివచ్చిన మిరియాల ధర, మన కొట్లో ధర కాదు. అందుకే ఒక్క వస్తువును పట్టుకుని మొత్తం మారకాన్ని తేల్చకూడదు.

ఇంకో చిక్కు: పని తెలిసినవాడికి రోజుకు 2 బంగారు నాణేలు, అంటే కూలీకి పదింతలు. 1351 నాటి ఇంగ్లండు కూలి చట్టంలో పెద్ద వడ్రంగికి రోజుకు 3 పెన్నీలు (వెండి నాణేలు), మామూలు వడ్రంగికి 2 పెన్నీలు. ఆటలోలాంటి అగాధం అక్కడ లేదు. మీ ఊళ్లో తాపీ మేస్త్రీ 1,200 తీసుకుంటే ఆ లెక్కన బంగారు నాణెం 600 రూపాయలే. కాబట్టి తిండీ బసా కూలి లెక్కన, కత్తులూ కవచాలూ రెండు లెక్కలా కట్టండి. పొడవాటి కత్తి 15 నాణేలు: 9,000 నుంచి 52,500. ప్లేట్ కవచం 1,500 నాణేలు: 9 లక్షల నుంచి 52.5 లక్షలు. అంత ధర పెట్టింది బహుశా బజారును చూసి కాదు, ఆట మొదలయ్యే మొదటి స్థాయిలోనే ఎవరూ దాన్ని తొడుక్కోకూడదని. మూడో ఎడిషన్లో పదడుగుల కర్ర 2 వెండి, పదడుగుల నిచ్చెన 5 రాగి ఉండేవి. నిచ్చెన కొని విరగ్గొట్టి రెండు కర్రలమ్మితే లాభమన్నమాట!

ఆస్తులు పోల్చేటప్పుడు రూపాయలనూ పక్కన పెట్టి కూలి సంవత్సరాల్లో చెప్పండి. డ్రాగన్ గుహలో దొరికేలాంటి అత్యున్నత స్థాయి నిధిలో సగటున 42,000 బంగారు, 28,000 ప్లాటినం నాణేలు. ప్లాటినం ఒకటికి పది బంగారం కాబట్టి మొత్తం 3,22,000 బంగారు నాణేలు. నాణేనికి ఐదు రోజుల కూలి చొప్పున 16.1 లక్షల రోజులు. ఏడాదికి 300 పనిరోజులనుకుంటే దాదాపు 5,370 మంది ఏడాది సంపాదన. రోమన్ ధనవంతుడు క్రాసస్‌కు భూములే 20 కోట్ల సెస్టర్సులని (రోమన్ నాణేలు) రోమన్ రచయిత ప్లినీ రాశాడు. సీజర్ జీతం పెంచాక కూడా మామూలు సైనికుడికి ఏడాదికి 900 సెస్టర్సులు. భాగిస్తే 2,22,000 ఏళ్ల జీతం. కూలీ, సైనికుడూ ఒకటి కాదు గానీ, డ్రాగన్ గుహ మొత్తం ఊడ్చినా క్రాసస్ భూముల్లో నలభయ్యో వంతు దగ్గరే ఆగుతుంది. మోయడం మాత్రం కష్టమే: 70,000 నాణేలు 1,400 పౌన్లు, సుమారు 635 కిలోలు. ఒక్కోటి 500 పౌన్లు పట్టే మాయ సంచులు, బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్‌లు, మూడు కావాలి.

ఆటనే చరిత్రకు దగ్గర చేయాలంటే వెండి ప్రమాణానికి మారండి. ఆట కూలీకి రోజుకు దక్కే వెండి 18 గ్రాములు. 1351 నాటి పెన్నీ మొత్తం బరువే 1.17 గ్రాములు, అంటే ఆ మామూలు వడ్రంగికి దక్కింది 2.3 గ్రాముల లోపే. పట్టికలో బంగారం అన్నచోట వెండి, వెండి అన్నచోట రాగి అని చదవండి, రాగికి బదులు పదో వంతు చిల్లర నాణెం పెట్టుకోండి. అప్పుడు కూలి 1.8 గ్రాముల వెండికి దిగుతుంది, చరిత్రకు బాగా దగ్గర. అయితే దొరికే నిధులను తగ్గించి మంత్ర సామగ్రిని మర్చిపోతే ఆట ఆగిపోతుంది. చచ్చినవాణ్ణి బతికించే రివివిఫై మంత్రానికి కావలసిన 300 బంగారు నాణేల వజ్రాన్ని కూడా 300 వెండి నాణేల వజ్రంగా మార్చండి. లేకపోతే చచ్చిన తోడుగాణ్ణి బతికించడానికి పదింతలు ఖర్చవుతుంది.