వాహనంలో రేడియో – మూడో పాఠం: సీబీయా, హామ్ రేడియోనా?

గత పాఠంలో తరంగదైర్ఘ్యం లెక్క నేర్చుకున్నాం. 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లలో పొడవు వస్తుంది. కాగితం దగ్గర పెట్టుకోండి, ఈ పాఠంలో దానితో పనుంది. సీబీ అంటే సిటిజన్స్ బ్యాండ్, లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకునే రేడియో. హామ్ అంటే పరీక్ష రాసి లైసెన్సు తీసుకున్నవాళ్లు వాడే ఔత్సాహిక రేడియో.

అమెరికాలో ఉంటూ కారులోనో పికప్‌లోనో రేడియో బిగించుకోవాలనుకునే మనవాళ్లు ముందు వాట్లు చూస్తారు, తర్వాత ధర చూస్తారు. ఆ రెండూ పక్కన పెట్టండి. మీరు మైక్ నొక్కి మాట్లాడితే అవతల ఎవరు వినాలి? ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

డాలస్ నుంచి రెండు కుటుంబాలు రెండు కార్లలో బిగ్ బెండ్ నేషనల్ పార్కుకు బయల్దేరాయనుకుందాం. ఫోర్ట్ స్టాక్‌టన్ దాటి 385వ నంబరు రోడ్డు మీద మారథాన్ వైపు తిరిగాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. ముందు కారులో మీరు, వెనక కారులో మీ బావగారు. మీకు హామ్ లైసెన్సు ఉంది, ఆయనకు లేదు. మీ 50 వాట్ల రేడియో ఎంత గొప్పదైనా ఆయన తన కారులోంచి హామ్ బ్యాండు మీద జవాబివ్వడానికి వీల్లేదు. చట్టం ఒప్పుకోదు. ఒక్క ప్రాణాపాయం వచ్చి వేరే దారి లేనప్పుడు మాత్రమే మినహాయింపు. సీబీ అయితే ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇద్దరూ చెరొకటి కొని, ఖాళీగా ఉన్న ఛానల్ చూసుకుని మాట్లాడుకోవచ్చు. చదునైన నేల మీద కారుకూ కారుకూ మధ్య నాలుగైదు మైళ్లు హాయిగా అందుతుంది.

సీబీకి 27 మెగాహెర్ట్జ్ దగ్గర 40 ఛానళ్లు ఉన్నాయి. మామూలు ఏఎం పద్ధతిలో 4 వాట్లు, సింగిల్ సైడ్‌బ్యాండ్ అనే ఇంకో పద్ధతిలో 12 వాట్లు దాటకూడదు. 9వ ఛానల్ ఆపదలో ఉన్నవాళ్లకు. 19వది ట్రక్కు డ్రైవర్లది. 1973 చమురు సంక్షోభంలో డీజిల్ ఎక్కడ దొరుకుతుందో, పోలీసులు ఎక్కడ కాపు కాశారో ఒకరికొకరు చెప్పుకోవడానికి ట్రక్కు డ్రైవర్లు దీన్ని పట్టుకున్నారు. అక్కణ్ణుంచి దేశమంతా పాకింది. అంతకుముందున్న 23 ఛానళ్లు చాలక 1977 జనవరి 1 నుంచి 40 చేశారు. ఫోన్లు వచ్చాక 19లో మునుపటంత సందడి లేదు. అయినా ఇంటర్‌స్టేట్ మీద కార్లన్నీ ఉన్నట్టుండి ఆగిపోతే, ఏ లేన్ మూశారో, ముందు ఏం జరిగిందో ఎత్తైన క్యాబిన్‌లోంచి చూసి చెప్పే మనిషి అక్కడే దొరుకుతాడు. దూరప్రయాణాలు చేసేవాళ్ల బండిలో సీబీ ఉండాలని నేననేది ఇందుకే.

ఇప్పుడు రెండో సందర్భం. మీరొక్కరే న్యూ మెక్సికో కొండల్లో మట్టిరోడ్డు పట్టారు. చుట్టూ ముప్పై మైళ్లలో ఇంకో బండి లేదు. సీబీలో ఎంత పిలిచినా వినేవాడుండడు. హామ్ రేడియో ఆదుకునేది ఇక్కడ. కొండ మీద స్థానిక హామ్ క్లబ్బు వాళ్లు సొంత డబ్బుతో పెట్టి నడిపే రిపీటర్ ఉంటుంది. మీ బండిలోంచి వెళ్లిన మాటను అది అందుకుని, అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీ మీద ఎత్తు నుంచి తిరిగి పంపుతుంది. ఉదాహరణకు రిపీటర్ 146.940 మెగాహెర్ట్జ్‌లో పలుకుతుంటే మీరు 600 కిలోహెర్ట్జ్ కిందకు దిగి 146.340లో పంపాలి. దానితోపాటు రిపీటర్ అడిగే సన్నని టోన్ కూడా మీ రేడియో పంపాలి. టోన్ తప్పితే రిపీటర్ తలుపు తెరవదు. ఇవన్నీ ఒక్కసారి మెమరీలో వేసుకుంటే తర్వాత బటన్ నొక్కడమే పని. మాట్లాడేటప్పుడు పది నిమిషాలకొకసారి, చివర్లో ఒకసారి మీ కాల్‌సైన్, అంటే లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు, చెప్పాలి. కొండ ఎత్తును బట్టి యాభై మైళ్ల అవతలి మనిషి కూడా పక్క సీట్లో కూర్చున్నంత స్పష్టంగా వినిపిస్తాడు. ఎఫ్‌ఎం కాబట్టి, ఏఎం సీబీలో విసిగించే ఇంజిన్ గరగర దాదాపు ఉండదు.

లైసెన్సు అనగానే వెనక్కి తగ్గకండి. మొదటి స్థాయి అయిన టెక్నీషియన్ పరీక్షలో 35 ప్రశ్నలుంటాయి, 26 సరిగ్గా రాస్తే చాలు. ప్రశ్నలన్నీ జవాబులతో సహా ముందే బయటపెడతారు. మోర్స్ కోడ్ 2007 నుంచి ఏ స్థాయికీ అక్కర్లేదు. రేడియో లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీకి 35 డాలర్లు కడితే పదేళ్ల లైసెన్సు. మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: దీనికి అమెరికా పౌరసత్వం అవసరం లేదు. హెచ్1బీ మీదున్నవాళ్లూ, విద్యార్థులూ రాయొచ్చు. విదేశీ ప్రభుత్వాల ప్రతినిధులకు మాత్రమే వీల్లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి: హామ్ బ్యాండ్ల మీద వ్యాపారం మాట్లాడకూడదు. బండి నడపడమే మీ జీవనమైతే పని మాటలకు సీబీయే.

పరీక్ష రాయలేం, సీబీ దూరం చాలదు అనే కుటుంబాలకు జీఎంఆర్‌ఎస్ అనే ఇంకో రేడియో సేవ ఉంది. పరీక్ష లేదు. 35 డాలర్లకు పదేళ్లు. ఒక్క లైసెన్సు మీద భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, అత్తమామలు, బావమరుదులు అందరూ మాట్లాడొచ్చు. స్నేహితులు మాత్రం ఎవరిది వాళ్లు తీసుకోవాలి.

ఇక యాంటెన్నా. బండి మీద దాని పొడవు మామూలుగా తరంగదైర్ఘ్యంలో పావు వంతు. 300ని 27తో భాగించండి: 11.1 మీటర్లు. అందులో పావు వంతు సుమారు 2.8 మీటర్లు, అంటే తొమ్మిదడుగులు. అదే 146తో భాగిస్తే పావు వంతు అరమీటరే. ఈ ఫ్రీక్వెన్సీల (వీహెచ్‌ఎఫ్) హామ్ యాంటెన్నా కారు పైకప్పు మధ్యలో పూర్తి పొడవుతో నిలబడుతుంది. తొమ్మిదడుగుల సీబీ కడ్డీతో పార్కింగ్ గ్యారేజీలోకి వెళ్లలేం కాబట్టి, మధ్యలో కాయిల్ చుట్టి పొట్టి చేసినవి అమ్ముతారు. పొట్టిదయ్యేకొద్దీ సామర్థ్యం తగ్గుతుంది. కాస్త పొడుగుదే కొనండి. అయస్కాంతంతో పైకప్పుకు అంటించే యాంటెన్నా అల్యూమినియం బాడీ బండికి అంటుకోదు, కొనేముందు ఒక అయస్కాంతం తెచ్చి చూసుకోండి.

సీబీ యాంటెన్నాను సరిచేయకుండా ఒక్కమాటా పంపొద్దు. రేడియోకూ యాంటెన్నాకూ మధ్య ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ పెట్టండి. యాంటెన్నా రేడియోకు ఎంత సరిగ్గా కుదిరిందో అది చూపిస్తుంది, అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. బండిని గోడలకూ చెట్లకూ దూరంగా ఆపి తలుపులన్నీ మూయండి. 1వ ఛానల్‌లో కొలవండి, తర్వాత 40వ ఛానల్‌లో. 1లో ఎక్కువొస్తే యాంటెన్నా పొట్టిగా ఉందని, కొంచెం పైకి లాగాలి. 40లో ఎక్కువొస్తే పొడుగైందని, కొంచెం కిందకు దించాలి. రెండు చోట్లా 2 లోపు సమానంగా వస్తే చాలు. 3 దాటితే వెంటనే ఆపేయండి, లేకపోతే రేడియో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు.

కరెంటు దగ్గర కూడా తేడా ఉంది. సీబీకి రెండు ఆంపియర్లు మించి అక్కర్లేదు, సిగరెట్ లైటర్ సాకెట్ సరిపోతుంది. 50 వాట్ల హామ్ రేడియో మాట్లాడేటప్పుడు పది ఆంపియర్లకు పైనే లాగుతుంది. దానికి బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి తీగ లాగి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ పెట్టాలి. డ్యాష్‌బోర్డు దగ్గర ఫ్యూజ్ పెడితే మధ్యలో ఒరిసిపోయిన తీగను అది కాపాడలేదు.

సెలవులకు ఊరెళ్తూ ఈ రేడియోలు తీసుకెళ్లొచ్చా? భారత్‌లో సిటిజన్ బ్యాండ్ 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకే, 5 వాట్ల లోపు. అమెరికా సీబీలో 28వ ఛానల్ నుంచి పైవన్నీ దాని బయటపడతాయి. హామ్‌కు రెండు మీటర్ల బ్యాండు అక్కడ 144–146 మెగాహెర్ట్జ్ వరకే, ఇక్కడిలా 148 దాకా కాదు. పైగా అమెరికా లైసెన్సు అక్కడ నేరుగా చెల్లదు, అనుమతి వేరే తీసుకోవాలి. ఇక్కడే వదిలి వెళ్లడం మేలు.

వచ్చే పాఠంలోగా చేయాల్సినవి: మీరు తరచూ వెళ్లే ఒక దూరప్రయాణం ఎంచుకోండి. దారిలో ఫోన్ అందని చోట్లు గుర్తించి, ఒక్కో చోట మీతో మాట్లాడగలిగేది ఎవరో రాయండి: వెనక కారా, ట్రక్కు డ్రైవరా, రిపీటర్ అవతలి మనిషా. తర్వాత 28.4, 52.525, 446 మెగాహెర్ట్జ్‌లకు పావు తరంగం పొడవు లెక్కకట్టండి. పొడవులు సెంటీమీటర్లలో రాసి ఉంచండి, నాలుగో పాఠంలో వాటితోనే తీగ కోస్తాం.