చిన్న ఇంజిన్ బోరింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: ఏ సైజు పిస్టన్ కొనాలి?

పోయిన పాఠంలో స్ప్లెండర్ బ్లాకు (పిస్టన్ ఆడే సిలిండర్ ఉన్న భాగం) విప్పి, కడిగి, అతుక్కుపోయిన గ్యాస్కెట్ గీకి పక్కన పెట్టాం కదా. ఇక్కడ చాలామంది నేరుగా షాపుకెళ్లి "ట్వెంటీ ఫైవ్ సైజు పిస్టన్ కిట్ ఇవ్వండి" అంటారు. ఆగండి, ముందు కొలవాలి.

ఈ బండి అసలు బోరు, అంటే పిస్టన్ ఆడే రంధ్రం వ్యాసం, 50 మి.మీ. అది అరిగితే కాస్త పెద్దగా కోసి పెద్ద పిస్టన్ వేయడమే బోరింగ్. పెద్ద సైజు పిస్టన్లు మామూలుగా 0.25, 0.50, 0.75, 1.00 అని నాలుగు మెట్లలో వస్తాయి, పిస్టన్ నెత్తిన 25, 50 అని కొట్టి ఉంటుంది. అంటే ఈ బ్లాకుకు మిగిలిన ఆయుష్షు నాలుగు బోరింగులే, ఆ తర్వాత స్లీవ్ (లోపల బిగించే కొత్త గొట్టం) వేయించాలి లేదా బ్లాకు మార్చాలి. అందుకే ఒక్క సైజు కూడా ఊరికే పోనివ్వకూడదు. పెద్ద పిస్టన్ వేస్తే పికప్ పెరుగుతుందని ఏకంగా 1.00 వేయించేవాళ్లున్నారు. లెక్క వేసి చూడండి, 97.2 సీసీ 101 అవుతుంది, అంతే.

కొలతకు వెర్నియర్ చాలదు, రంధ్రం లోపలి వ్యాసం కొలిచే బోర్ గేజ్ కావాలి. లేకపోతే లేత్ షాపులో అడగండి, చూపిస్తారు. బోరు పైఅంచు దగ్గర లోపల గోరుతో రాసి చూడండి, చిన్న మెట్టులా తగులుతుంది. పిస్టన్ పై రింగు అక్కడిదాకా వచ్చి తిరిగి వెళ్తుంది. మంట ఒత్తిడి ఎక్కువ, ఆయిల్ తక్కువ కాబట్టి ఆ మెట్టు కిందే అరుగుదల ఎక్కువ. అక్కడ, మధ్యలో, అడుగున, మూడు చోట్లా రెండేసి దిక్కుల్లో (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే పిన్ను వెంబడి, దానికి అడ్డంగా) కొలిచి ఆరు అంకెలూ రాసుకోండి.

అన్నిటికన్నా పెద్ద అంకె 50.11 అనుకుందాం. అరుగుదల 0.11. ఇది అంతా ఒకే పక్క జరిగి ఉండొచ్చు, మిషన్ మాత్రం చుట్టూ సమానంగా కోస్తుంది, కాబట్టి రెట్టింపు చేసి చూడాలి: 0.22. ఇది 0.25 లోపే ఉంది, మొదటి సైజు సరిపోతుంది. అదే ఒక పక్క 0.15 లోతు గీత పడి ఉంటే 0.30 కావాలి, అప్పుడు 0.50కి వెళ్లక తప్పదు.

ఇప్పుడు పిస్టన్ కొనండి, కొన్నాకే బోరింగ్‌కు ఇవ్వండి. నేను మొదటిసారి బ్లాకు ఒక్కటే ఇచ్చి వచ్చాను, వాళ్లు అంచనాగా కోసేశారు, తర్వాత కొన్న పిస్టన్‌కూ గోడకూ మధ్య 0.09 సందు వచ్చింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే టకటకమని చప్పుడు. చేసేది లేక 0.50 వేయించాను, ఒక సైజు వృథా అయిపోయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

పిస్టన్‌ను మైక్రోమీటర్‌తో స్కర్ట్ (రింగుల కింద ఉండే పిస్టన్ గోడ) కింది భాగంలో, పిన్నుకు అడ్డంగా కొలవాలి. నెత్తి దగ్గర కొలిస్తే తక్కువ వస్తుంది, వేడికి పై భాగం ఎక్కువ ఉబ్బుతుందని అక్కడ సన్నగానే చేస్తారు. స్కర్ట్ 50.22 ఉండి, మీ బండి మాన్యువల్‌లో సందు 0.03 అని ఉంటే హోనింగ్ (బోరింగ్ తర్వాత రాతితో గోడను సన్నగా రుద్ది సరిచేయడం) అయ్యాక బోరు 50.25 ఉండాలి. హోనింగ్‌కు 0.03 నుంచి 0.05 దాకా మిగిల్చి కోయమని ముందే చెప్పండి. ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండికి ఇదే సందు పెట్టేయకండి, దాని అంకె వేరు.

5వ పాఠంలో రింగుల సందు చూద్దాం. ఈలోగా మీ ఆరు అంకెలు రాసి ఉంచుకోండి, పాత పిస్టన్ పారేయకండి, దానితోనే పని ఉంది.