గాయపడ్డ జింక జాడ పట్టాల్సిన కుక్కపిల్ల దారి తప్పుతోందా? ముందు జాడ వేసిన వాళ్లని చూడండి

జర్మనీలో తుపాకీ దెబ్బ తిన్న జింకో అడవిపందో పొదల్లోకి పారిపోతే, పోతే పోయిందిలే అని వదిలేయడం కుదరదు. దాన్ని వెతికి బాధ తీర్చాలి. అందుకే బవేరియన్ మౌంటెన్ హౌండ్, డాక్స్‌హండ్ లాంటి కుక్కలకు చిన్నప్పుడే పసిగట్టడం నేర్పుతారు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి జంతువుల వేటే నేరం కాబట్టి ఇదంతా అక్కడి సంగతి. సాధనకు జింక గిట్టలు బిగించిన బూట్లతో నడుస్తూ, మధ్యమధ్య నెత్తురు అద్దుతూ జాడ వేస్తారు. తిప్పలు మొదలయ్యేది సాధారణంగా అక్కడే.

నెత్తురు దగ్గర ఆగి నాకుతుంది, చుక్క లేని చోట దిక్కులు చూస్తుంది

నెత్తురు ఎక్కువైంది. జర్మనీలో పెద్ద కుక్కలకు పెట్టే జాడ పరీక్షలోనే 1000 మీటర్ల జాడకు పావు లీటరు వాడతారు, అంటే మీటరుకు పావు మిల్లీలీటరు. నిజం గాయానికైతే కొవ్వో వెంట్రుకలో అడ్డుపడి బయట చుక్క కూడా కనిపించకపోవచ్చు. అప్పుడు కుక్కకు ఆధారం గిట్టల మధ్య గ్రంథి వాసన, నలిగిన గడ్డి, చెదిరిన మట్టి. (జర్మన్ వేటగాళ్లు ఆ నెత్తుర్ని ‘ష్వైస్’ అంటారు, మామూలు భాషలో చెమట అని అర్థం!) కర్రకు కట్టిన స్పాంజితో అక్కడక్కడా అద్దండి, ఆ దూరాన్ని పెంచుకుంటూ పోండి. కొంత దూరం ఉత్త గిట్టల మీదే నడిపించండి.

తల ఎత్తి పరుగులు తీస్తుంది

జాడ మరీ తాజాగా ఉంది. వాసన గాలిలోనే అందుతుంటే ముక్కు నేలకు ఆనించాల్సిన పనేముంది? గాలి వీపుకు తగిలే దిశలో జాడ వేసి, మూడు నాలుగు గంటలు ఆగి బయల్దేరండి. కుదురుకున్నాక రాత్రంతా వదిలేయండి. ఆ పరీక్షలోనూ జాడకు 20 గంటల వయసైనా ఉండాలి.

మలుపు దాటేస్తుంది

బిగుతుగా ఉన్న తాడు చేతిలో మెత్తబడుతుంది, తోక ఊపు మారుతుంది, తల లేస్తుంది. దానికి తెలిసిపోయింది. మనమే ఆగకుండా వెంటపడి ముందుకు తోస్తాం. తాడు వదులైన చోటే నిలబడండి, నోరు మెదపకండి. పది మీటర్ల తాడు ఉంది కదా, చుట్టూ తిరిగి అదే వెతుక్కుంటుంది. చెయ్యి చూపించారంటే మాత్రం ఇంకో సమస్య కొనితెచ్చుకున్నట్టే:

ప్రతి మలుపులోనూ మీ మొహం చూస్తుంది

దారి మీకు తెలుసని కనిపెట్టేసింది. ఇకపై జాడ ఇంకొకరితో వేయించండి, దారి మీకు చెప్పొద్దనండి. మీ అడుగుల వాసన పట్టుకునే అలవాటుంటే అదీ పోతుంది.

ఇప్పుడే దాటిన జింక వెంట లాగుతుంది

తిట్టకండి, తాడు గుంజకండి. కదలకుండా నిలబడి, చివరిసారి జాడ ఖాయంగా దొరికిన చోటికి వెనక్కి తీసుకెళ్లి మళ్లీ మొదలుపెట్టండి. అలాంటి చోట్లని చెట్లకు బట్టల క్లిప్పు పెట్టి గుర్తుంచుకుంటే వెనక్కి రావడం తేలిక.

జాడ చివర పెట్టిన జింక తోలు చూసి జంకుతుంది

మరీ పసిది, అంతే. పెద్ద తోలు తీసేసి ఒక్క జింక కాలు పెట్టండి. మీరే కింద కూర్చుని దాంతో కాసేపు ఆడండి, తిండి అక్కడే పెట్టండి. అది కాలు నోట కరుచుకుని మీ నుంచి లాక్కోవడం మొదలెట్టాక తోలు మళ్లీ తేవచ్చు.