హార్స్‌లిప్స్ ఎక్కడ మొదలుపెట్టాలి: మొదటి సింగిల్ నుంచి జారగ్ డూమ్ దాకా

సెల్టిక్ రాక్ (ఐరిష్ లాంటి జానపద బాణీలని రాక్ తో కలిపే సంగీతం) అనగానే చాలామంది నేరుగా ఏదో పెద్ద ఆల్బమ్ పెట్టేసి, రెండు పాటలకే కట్టేస్తారు. అలా కాకుండా సింగిల్స్ తో, అంటే విడిగా వదిలిన పాటలతో మొదలుపెట్టండి. ఐర్లండ్ బ్యాండ్ హార్స్‌లిప్స్ అయితే దీనికి బాగా పనికొస్తుంది.

ముందు 'జానీస్ వెడ్డింగ్' వినండి. ఇది వాళ్ళ మొదటి సింగిల్, 1972 మార్చి 17న, అంటే ఐర్లండ్ జాతీయ పండగ సెయింట్ పాట్రిక్స్ డే రోజే వదిలారు, అదీ ఓట్స్ అని సొంత లేబుల్ పెట్టుకుని. వీళ్ళలో ముగ్గురు డబ్లిన్ లో యాడ్ ఏజెన్సీలో పనిచేసినవాళ్ళు, ఒక బీర్ యాడ్ కోసం బ్యాండ్ లా నటించబోయి నిజంగానే బ్యాండ్ అయిపోయారు, అందుకే ఆ డేట్ ఊరికే కుదిరిందంటే నేను నమ్మను. ఇది మొదటి ఆల్బమ్ లో లేదు, అక్కడ వెతికి టైమ్ వేస్ట్ చేసుకోకండి. 1977లో వచ్చిన 'ట్రాక్స్ ఫ్రమ్ ది వాల్ట్స్' లో ఉంటుంది, బీ సైడ్ (రికార్డ్ రెండో వైపు పాట) కూడా అందులోనే. పాత రికార్డే దొరికితే ప్లేయర్ స్పీడ్ 45కి మార్చడం మర్చిపోవద్దు.

మొదటిసారి ఊరికే వినేయండి. రెండోసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కో వాయిద్యాన్నే పట్టుకోండి. ఫిడేల్, మాండొలిన్, కాన్సర్టీనా (చేతుల్లో పట్టుకునే చిన్న అకార్డియన్ లాంటిది) చార్ల్స్ ఓ'కానర్ వి, ఫ్లూట్, టిన్ విజిల్ (చిన్న రేకు పిల్లనగ్రోవి), కీబోర్డ్స్ జిమ్ లాక్‌హార్ట్ వి, కింద బేస్ బారీ డెవ్లిన్ ది, డ్రమ్స్ ఈమన్ కార్ వి. జానపద బాణీకి వెనక గిటార్ తగిలిస్తే రాక్ అయిపోదు కదా, వీళ్ళు ఆ రెండింటినీ ఎక్కడ కలిపారో వెతకండి.

ఇప్పుడు అసలు పని. 'ఓ'నీల్స్ మార్చ్' అని పాత ఐరిష్ బాణీ ఉంది, బ్యాగ్‌పైప్స్ మీదో విజిల్ మీదో వాయించింది ఏదైనా వెతికి, కూనిరాగం తీయగలిగేంత వరకు వినండి, వెంటనే 'జారగ్ డూమ్' పెట్టండి (స్పెల్లింగ్ Dearg Doom, డి తో మొదలవుతుంది, సెర్చ్ లో జ కొడితే దొరకదు). జానీ ఫీన్ గిటార్ మొదలవగానే తెలిసిపోతుంది, ఆ రిఫ్ఫే (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్క) ఆ మార్చ్! ముందు మార్చ్ వినకపోతే ఇది మామూలు హార్డ్ రాక్ లాగే ఉంటుంది, అందుకే ఈ వరస మాత్రం మార్చొద్దు.

కథ కూడా కాస్త తెలిసుంటే ఇంకా బాగుంటుంది. ఈ పాట 1973 ఆల్బమ్ 'ది టాయిన్' లోది. పాత ఐరిష్ పురాణగాథ ఇది: రాణి మేవ్ ఒక ఎద్దు కోసం సైన్యంతో ఐర్లండ్ ఉత్తరాన ఉన్న అల్స్టర్ మీదకొస్తే వీరుడు కుహూలిన్ ఒక్కడే అడ్డం నిలబడతాడు, మనకి ఉత్తర గోగ్రహణం తెలుసు కాబట్టి ఎక్కడానికి కష్టమేం ఉండదు. పాటలో మాట్లాడేది ఆ కుహూలినే, బడాయి గట్టిగానే కొడతాడు.

నచ్చితే 1990 వరల్డ్ కప్ కి ఐర్లండ్ ఫుట్‌బాల్ టీమ్ కోసం చేసిన పాట కూడా వినండి, ఈ రిఫ్ఫే అందులోనూ వాడుకున్నారు. ఆల్బమ్ మొత్తం ఆ తర్వాత, మధ్యలో ఆపకుండా.