ఊరి అంచు సేద్యం – 4వ పాఠం: మూడు రోజులకో మడి

పోయిన పాఠంలో నీళ్ల సంగతి చూశాం. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయా, కాలవలో ఊరి మురుగు ఎక్కడ కలుస్తోంది, ఎండాకాలం కాలవలు కట్టేస్తే మనకేం దారి అన్నవి తేల్చుకున్నాం. ఈసారి విత్తనం. ఎలా చల్లాలో ఏ చేను గట్టు మీద నిలబడి అడిగినా పూటలో నేర్పిస్తారు. ఎప్పుడెప్పుడు చల్లాలి, ఎంతెంత చల్లాలి అన్నది మాత్రం నాకు వంటబట్టడానికి రెండేళ్లు పట్టింది. ఈ పాఠమంతా దాని గురించే.

ముందు నా తెలివితక్కువ పని చెప్తాను. విజయవాడ పక్కన పెనమలూరు వైపు బందరు కాలవకి దగ్గర్లో 20 సెంట్లు కౌలుకు తీసుకున్న కొత్త. ఓ పక్క అపార్ట్‌మెంటు, ఇంకో పక్క ప్లాట్ల హద్దురాళ్లు, మధ్యలో మా నేల. దున్నించాక పదును బాగుంది కదా అని పది సెంట్లలో ఒకేరోజు తోటకూర చల్లేశాను. పక్క చేలో పెద్దాయన చూసి, "ఏం బాబూ, ఊరందరికీ భోజనాలు పెడుతున్నావా?" అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని నవ్వాను.

ఇరవయ్యారో రోజున ఆ మాట అర్థమైంది. పది సెంట్లూ ఒకేసారి కోతకొచ్చాయి. ఇద్దరు కూలీలను పెట్టి 400 కట్టలు కట్టించి బజారుకు తీసుకెళ్తే సగం కూడా పోలేదు. మర్నాడు ఇంకో 400. ఐదో రోజుకల్లా మిగిలిన మొక్కల కాడ ముదిరిపోయింది, కొసన కంకి కనిపించింది. కంకి వేసిన తోటకూర ఎవరూ ముట్టుకోరు. గేదెలున్నవాళ్లని పిలిచి కోసుకెళ్లమన్నాను. అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. దాదాపు నెల రోజులు నా దగ్గర అమ్మడానికి ఒక్క కట్ట లేదు. రోజూ 20 కట్టలు తీసుకుంటానన్న మెస్ ఆవిడ ఈలోపు ఇంకొకరిని చూసుకుంది. ఆవిడ మళ్లీ నా దగ్గరికి రాలేదు.

ఊరి అంచున సేద్యం చేసేవాడికి పంట ఎంత పండింది అన్నదానికన్నా రోజూ ఎంత చేతికొచ్చింది అన్నది ముఖ్యం. ఎందుకో కొంచెం వివరంగా చూద్దాం, మడుల లెక్కంతా దీని మీదే నిలబడుతుంది.

మన బజారుకి టమాటా మదనపల్లె నుంచి వస్తుంది. ఉల్లిపాయ కర్నూలు నుంచో మహారాష్ట్ర నుంచో, బంగాళాదుంప ఆగ్రా వైపు నుంచి వస్తాయి. అవన్నీ లారీలో ఒకటి రెండు రోజులు ప్రయాణం చేసినా తట్టుకునే సరుకులు. వాటితో పోటీకి దిగితే విజయవాడ పక్కన ఉండే కౌలు రేటుకి మనం బతకలేం. అదే తోటకూర కట్ట అయితే కోసిన పన్నెండు గంటలకు తల వాలుస్తుంది. దాన్ని మదనపల్లె నుంచి తేవడం ఎవరి వల్లా కాదు. మన పెట్టుబడల్లా ఈ దగ్గరతనమే. యోహాన్ హైన్రిష్ ఫాన్ ట్యూనెన్ అనే జర్మన్ భూస్వామి 1826లోనే ఈ లెక్క వేశాడు. మధ్యలో పట్నం, చుట్టూ వలయాలు గీసుకుని, మొదటి వలయంలో పాలు, కూరగాయలు పెట్టాడు. దాని తర్వాత వంటచెరకు ఇచ్చే అడవి, ఆ తర్వాత ధాన్యం, అన్నిటికన్నా దూరాన పశువుల మేత బీళ్లు. ఆయన చూసింది గుర్రబ్బండ్ల కాలం. వంటచెరకు బదులు గ్యాస్ బండ వచ్చింది, రెండో వలయం పోయింది. లారీలొచ్చి మొదటి వలయంలోని కూరగాయల్ని కూడా చాలావరకు తుడిచేశాయి. మిగిలినవి పాలు, పూలు, ఆకుకూరలు. కృష్ణ అవతలి ఒడ్డున ఉండవల్లి, పెనుమాక జరీబు నేలల్లో (నది ఒడ్డున, పైపైనే నీరు తగిలే నేలలు) పూలు, కూరలు అంతగా పండించారంటే నేల సారం ఒక కారణం, వారధి దాటితే బెజవాడ అన్నది ఇంకో కారణం.

ఇక లెక్కలోకి వద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

తోటకూర చల్లిన రోజు నుంచి కోత ముగిసేదాకా మామూలు రోజుల్లో 26, 27 రోజులు. కోశాక మడిని తవ్వి, ఎరువు కలిపి, తడి పెట్టి, పదునుకు రానివ్వడానికి ఇంకో మూడు రోజులు. మొత్తం 30. ఒక మడిలో కూరని లేతగా ఉండగా మూడు రోజుల్లో కోసేయొచ్చు, నాలుగో రోజు నుంచి ముదురుతుంది. 30ని 3తో భాగించండి. పది మడులు కావాలి. మూడు రోజులకో మడి చల్లుకుంటూ పోతే, పదో మడి చల్లిన మూడో రోజుకి మొదటి మడి మళ్లీ విత్తనానికి సిద్ధంగా ఉంటుంది. ఆనాటి నుంచి ఖాళీ రోజంటూ ఉండదు.

పాలకూరకి ఈ లెక్క కుదరదు. దాన్ని పీకం, కోస్తాం. మొదటి కోత నెల దాటాక వస్తుంది, ఆ తర్వాత అదే మొక్క పన్నెండు రోజులకోసారి చిగురిస్తుంది. 12ని 3తో భాగిస్తే నాలుగు మడులు. నాలుగైదు కోతలయ్యాక ఆకు చిన్నదవుతుంది, అప్పుడు తీసేసి కొత్తగా చల్లాలి. నాలుగింటినీ ఒకేసారి తీసేయకండి, ఎడం ఇస్తూ ఒక్కొక్కటే తీయండి. ఈ ఒక్క జాగ్రత్త మరిచిపోయి మళ్లీ నాలాగే చతికిలపడ్డవాళ్లు ఉన్నారు.

నా 20 సెంట్లు సెంటుకో మడి చొప్పున ఇలా పంచుకున్నాను. తోటకూరకి పది, పాలకూరకి నాలుగు, గోంగూరకి రెండు, కొత్తిమీరకి ఒకటి. మిగిలిన మూడూ నీటి బోదెలకి, నడిచే దారులకి, ఎరువు కుప్పకి. కొత్తిమీరకి ఒక్క సెంటే ఏమిటని అడుగుతారు. అది 40 రోజుల పంట. రోజూ అమ్మాలంటే తోటకూర కన్నా ఎక్కువ మడులు కావాలి, మే నెల ఎండకి మొలక సరిగ్గా రాదు, వచ్చింది వచ్చినట్టే పూతకు పోతుంది. ధర ఒకరోజు ఆకాశంలో, మర్నాడు నేల మీద. ఆ టెన్షన్ మొదటి ఏడాది వద్దు.

సెంటు అంటే 48.4 గజాలు, అంటే దాదాపు 435 చదరపు అడుగులు. దాన్ని ఒకే ముక్కగా ఉంచితే కలుపు తీయడానికి లోపలికి దిగి తొక్కాలి. నాలుగడుగుల వెడల్పు, 27 అడుగుల పొడవు పట్టీలు నాలుగు చేయండి. రెండు వైపుల నుంచీ చెయ్యి అందుతుంది. తోటకూర గింజ ఆవగింజ కన్నా సన్నం, సెంటుకు 15 గ్రాములు చాలు. ఆ పదిహేను గ్రాముల్ని కిలో పొడి ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట కుప్పపడదు. పాలకూర గింజ సెంటుకు 100 గ్రాములు పడుతుంది. ధనియాల్ని చెప్పుతోనో చెక్కతోనో రుద్ది రెండు బద్దలు చేసి చల్లాలి.

ప్రతి మడి దగ్గరా ఒక వెదురు బద్ద పాతి, దాని మీద అంకె రాయండి. చల్లిన తేదీ బద్ద మీద రాయకండి, వానకి పోతుంది. ఇంట్లో తిథులున్న గోడ క్యాలెండరులో రాయండి. తిథులు ఎందుకంటే బజారు నడిచేది వాటి మీదే. కార్తీక మాసంలో చాలా ఇళ్లలో నీచు మానేస్తారు, ఆకుకూర ఎంత తెచ్చినా పోతుంది. కాబట్టి కార్తీకం మొదలయ్యే రోజు నుంచి 27 రోజులు వెనక్కి లెక్కపెట్టి, అక్కడి నుంచి మడికి గింజ కాస్త ఒత్తుగా వేస్తాను. మామూలు ఆదివారాల్లో తోటకూర డల్లు, గోంగూర మాత్రం మాంసంలోకి కావాలని వెతుక్కుంటూ వస్తారు. అందుకే నా గోంగూర కోత శనివారం సాయంత్రమే.

డిసెంబరు, జనవరిల్లో చలికి తోటకూర నెల దాటినా ఎదగదు. అప్పుడు నాలుగు రోజులకో మడి చల్లండి. కాడ ముదరడం కూడా నిదానమే కాబట్టి నాలుగు రోజులూ కోసుకోవచ్చు. ఎండాకాలం దీనికి తలకిందులు, రెండు మూడు రోజులు ముందే వచ్చేస్తుంది.

కోత రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. మధ్యాహ్నం మూడింటికి కోయాల్సిన మడికి పలచగా తడి పెడతాను. ఐదింటికి ఎండ వాలాక వేళ్లతో సహా పీకితే మట్టి పట్టుకోకుండా వస్తుంది. వేళ్లు బోదెలో జాడించి, పిడికిట్లో పట్టినంత తీసుకుని, నీళ్లలో నానేసిన అరటి నారతో రెండు చుట్లు. మూడో చుట్టు వేస్తే కాడ విరుగుతుంది, వదులుగా కడితే బజారులో కొనేవాళ్లు అటూ ఇటూ తిప్పి చూడటానికే ఊడిపోతుంది. వేళ్లన్నీ ఒకవైపుకి వచ్చేలా గంపలో గుండ్రంగా పేర్చి, పైన తడి గోనెపట్టా కప్పి, రాత్రి గాలి తగిలే వరండాలో పెడతాను. ఆకుల మీద నీళ్లు చల్లకండి. చల్లితే తెల్లారేసరికి మధ్యలో ఉన్న కట్టలు వేడెక్కి పసుపు పడతాయి, గంపలో చెయ్యి పెడితే ఆ వేడి మీకే తెలుస్తుంది. నాలుగున్నరకి బండి తీస్తే ఐదింటికి పటమట రైతు బజారు.

రైతు బజార్లు మన రాష్ట్రంలో 1999 జనవరి 26న మొదలయ్యాయి. మధ్యలో దళారి లేకుండా పండించినవాడే అమ్ముకోవాలన్నది ఉద్దేశం. బల్ల దొరకాలంటే రైతు కార్డు కావాలి. కార్డుకి సాగు చేస్తున్నట్టు రుజువు కావాలి. కౌలుదారుకి చిక్కు అక్కడే వస్తుంది. కార్డు లేకపోతే రోడ్డు పక్క గంప దించుకోవడమో, మెస్సులకీ కూరల బండ్లకీ వెయ్యడమో.

డబ్బు లెక్క కూడా ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. నాకు తోటకూర మడికి సుమారు 200 కట్టలు వస్తాయి, పాలకూర కోతకి 100. మూడు రోజులకి 300, అంటే రోజుకి 100. కట్ట ఐదు రూపాయలనుకుంటే రోజుకి 500. అందులోంచే విత్తనం, ఎరువు, పెట్రోలు, కౌలు పోవాలి. దీన్ని నమ్ముకుని ఉద్యోగం మానేయమని నేను ఎవరికీ చెప్పను.

పురుగుమందు గురించి ఒక్క మాట. విడతలుగా చల్లిన చేలో, రేపు కోయబోయే మడి పక్కనే పది రోజుల లేత మడి ఉంటుంది. లేత మడికి కొట్టిన మందు గాలికి పక్క మడి మీద పడుతుంది, ఎల్లుండికి ఎవరి కంచంలోకో వెళ్తుంది. నేను లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి కొట్టడం తప్ప వేరేది వాడను. గూడు కట్టిన ఆకుల్ని చేత్తో తుంపేస్తాను. ఆకు అడుగున తెల్లమచ్చలొచ్చిన మడిని మొహమాటపడకుండా పీకేస్తాను. పోయేది పదో వంతే కదా.

ఇక కౌలు. ఊరి అంచున భూమి యజమాని మీకు నేల ఇచ్చేది పంట కోసం కాదు, రేటు పెరిగేదాకా ఖాళీగా ఉంచడం ఎందుకని. 2019 చట్టం ప్రకారం కౌలుదారు 11 నెలలకి సాగు హక్కు పత్రం తీసుకోవచ్చు, దానికి యజమాని సంతకం కావాలి. పొలం దగ్గర్లో వెంచర్ పడితే ఆ సంతకం దొరకదు. నాకు దొరకలేదు. అడిగి చూడండి, ఇస్తే మంచిదే. రాజధాని అమరావతి కోసం రైతుల భూములు తీసుకున్న భూసమీకరణలో జరీబు ఎకరానికి 1000 గజాల ఇంటి స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం అన్నారు. మెట్టకి 1000, 250. ఆ గజాలు పట్టా ఉన్నవాళ్లవి. అదే నేలలో పూలు కోసిన కౌలుదారుకి గజం లెక్క లేదు.

రెండో ఏడాది నేను ఆశకొద్దీ ఐదు సెంట్లలో మిరప నాటాను. పూత మీద ఉండగా ఒక పొద్దున ఎర్రమట్టి టిప్పరు వచ్చి గట్టు మీద ఆగింది. యజమాని ఫోన్ చేసి, "అమ్మేశానండీ ఆ పక్కది, ఓ వారంలో తీసేసుకోండి" అన్నాడు. మిరపని వారంలో ఏం తీసుకుంటాను? తోటకూర మడులైతే కోసుకుని లేచొచ్చేవాణ్ని. అప్పటి నుంచి నా నియమం ఒకటే. యజమాని మాట ఎన్నాళ్లు నిలుస్తుందని మీ మనసుకి అనిపిస్తే, పంట కాలం అంతకన్నా తక్కువ ఉండాలి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచిన రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. మా మడుల్లో రెండు రోజులు నీళ్లు నిలిచి అన్నీ కుళ్లిపోయాయి. లంకల్లో అరటి, కంద వేసినవాళ్లకి ఏడాది కష్టం పోయింది. నాకు నేల పదునుకు రావడానికి పది రోజులు పట్టింది, అక్కడి నుంచి నెల తిరక్కుండా మొదటి మడి కట్టలు గంపకెక్కాయి. అప్పుడు కూడా పది మడులూ ఒకేరోజు చల్లాలని చెయ్యి పీకింది. ఒక్కటే చల్లి, మిగతా విత్తనం డబ్బాలో వేసి ఇంటికి తెచ్చేశాను.

ఈ వారం మీరు చేయాల్సిన పని. మీ నేల ఎన్ని సెంట్లో రాసి, అందులో ఏడో వంతు దారులకి, బోదెలకి తీసేయండి. మిగిలినదాన్ని మడులుగా గీసి అంకెలు వేయండి. మీకు నచ్చిన రెండు కూరలకి మడులు పంచి, ఒక్కో కూర పంట కాలానికి మూడు రోజులు కలిపి, ఆ కూరకిచ్చిన మడులతో భాగించండి. వచ్చిన అంకె మీరు విత్తనం చల్లాల్సిన ఎడం. మూడు దాటిందంటే మడులు చాలవు. అప్పుడు సెంటు మడుల్ని అరసెంటు చేయండి, లేదా ఒక కూర మానేయండి. ఆ తర్వాత రెండు మూడు రోజులు పొద్దున్నే బజారుకెళ్లి, మీ కూర ఏ గంటకి అయిపోతోందో చూసి అదే కాగితం వెనక రాసుకోండి. వచ్చే పాఠంలో ఎరువు లెక్క ఆ కాగితం మీదే వేస్తాం, పారేయకండి.