గోల్ఫ్‌లో బాల్ సరిగ్గా తగలాలంటే ముందు ఎలా నిలబడాలి

రేంజ్‌లో (ప్రాక్టీస్ మైదానంలో) మ్యాట్ మీద బాగానే కొడతాం. కోర్సు మీదికి వెళ్లేసరికి బాల్ కంటే మట్టే ఎక్కువ దూరం ఎగురుతుంది. ఎందుకంటే మ్యాట్ మన తప్పుల్ని దాచేస్తుంది. క్లబ్ (గోల్ఫ్ కర్ర) బాల్‌కి రెండంగుళాల వెనక తగిలినా మ్యాట్ మీద జారి ముందుకెళ్లి బాల్‌ని కొట్టేస్తుంది, మనమేమో ఆహా అనుకుంటాం. గడ్డి మీద ఆ జారుడు ఉండదు. నేను దాదాపు నెల రోజులు స్వింగ్ వీడియోలు చూసి భుజాలు తిప్పడం, మణికట్టు విరవడం అంటూ కుస్తీ పట్టాను. చివరికి ఒక క్యాడీ (క్లబ్‌లు మోసే సహాయకుడు) నా కాళ్లు చూసి, "సార్, బాల్ బాగా ముందుకి పెట్టేశారు, కొంచెం లోపలికి తెచ్చుకోండి" అన్నాడు. అంతే, నాలుగో బాల్‌కి సౌండే మారిపోయింది.

ఇది అర్థం కావాలంటే ఊయలని గుర్తుచేసుకోండి. తాడు కొమ్మకి ఎక్కడ కడితే, సరిగ్గా దాని కిందికి వచ్చినప్పుడే ఊయల నేలకి బాగా దగ్గరవుతుంది. గోల్ఫ్ స్వింగ్‌లో ఆ కొమ్మ మీ ఎడమ భుజం (కుడిచేతి వాటం వాళ్లకి చెప్తున్నా, ఎడమచేతి వాళ్లు తిప్పి చదువుకోండి). భుజం ఎక్కడుంటే క్లబ్ దాదాపు దాని కిందే అడుగుకి వస్తుంది. ఐరన్‌తో (నేల మీది బాల్‌ని కొట్టే లోహపు తల క్లబ్) బాగా ఆడేవాళ్లకి ఆ అడుగు బాల్ దాటాక, సుమారు నాలుగంగుళాల అవతల వస్తుంది, అంటే ముందు బాల్, తర్వాత మట్టి. బాల్ వెడల్పే 1.68 అంగుళాలు. నిలబడటంలో రెండు బాళ్లంత తేడా వచ్చిందంటే ఆ నాలుగంగుళాల్లో చాలావరకు పోయినట్టే.

అందుకే బాల్ ఎక్కడ పెట్టాలన్నది ముందు తేల్చుకోవాలి. చాలామంది బూటు ముని వేళ్లని చూసి కొలుస్తారు, అక్కడే మోసపోతారు. ఎడమ పాదం కాస్త బయటికి తిప్పి నిలబడితే వేళ్ల లెక్కన బాల్ మధ్యలో ఉన్నట్టే కనిపిస్తుంది, మడమల లెక్కన చూస్తే ముందుకి వెళ్లిపోయి ఉంటుంది. నేను చేసేది ఇది: రెండు కాళ్లు దగ్గర పెట్టి బాల్‌ని మధ్యలోకి తెచ్చుకుంటా. వెడ్జ్ (దగ్గరి షాట్లకి వాడే పొట్టి క్లబ్) అయితే రెండు కాళ్లూ సమానంగా జరుపుతా. 7 ఐరన్ అయితే ఎడమ కాలు కొంచెం, కుడి కాలు ఎక్కువ. డ్రైవర్‌కి (అన్నిటికన్నా దూరం కొట్టే పొడవాటి క్లబ్) ఎడమ కాలు దాదాపు కదపను, జరగాల్సిందంతా కుడి కాలే. చొక్కా గుండీలతోనూ చూసుకోవచ్చు: వెడ్జ్, 9 ఐరన్ గుండీల కింద, 7 ఐరన్‌కి బాల్ ఒక బాలంత ఎడమకి, డ్రైవర్ ఎడమ చంక కింద. 18 మేజర్లు (గోల్ఫ్‌లో అతిపెద్ద టోర్నీలు) గెలిచిన జాక్ నిక్లాస్ దాదాపు అన్ని షాట్లకీ బాల్‌ని ఎడమ మడమకి దగ్గరగానే పెట్టి ఆడేవాడు. కానీ ఆయన కింది శరీరం ఎడమకి కదిలినట్టు ఆదివారం ఆదివారం ఆడే మనకి కదలదు. ఆ దారి వదిలేయండి.

తర్వాత బరువు. క్రికెట్ ఆడి వచ్చిన మనకి ఒక అలవాటు ఉంది: బాల్ లేవాలంటే వెనక్కి వాలడం. ఐరన్‌కి అది విషం. వెనక్కి వాలితే ఊయల కట్టిన కొమ్మ కుడికి జరిగినట్టే, ఇక అడుగు బాల్ వెనకే వస్తుంది. మట్టి తగలకపోతే క్లబ్ అప్పటికే పైకి లేస్తూ బాల్ నడుముకి తగులుతుంది, అది నేలబారుగా దూసుకుపోతుంది. బాల్‌ని లేపే పని క్లబ్ ఫేస్‌కి (బాల్‌ని తాకే ముఖానికి) ఉన్న వాలుది, మీది కాదు. రెండు కాళ్ల మీదా సమానంగా, లేదా ఒక చిటికెడు ఎడమ వైపు ఎక్కువగా ఉంచండి. చేతులు ఎడమ తొడ లోపలి వైపుకి ఎదురుగా ఉంటే చాలు. అంతకన్నా ముందుకి నెడితే క్లబ్ అంచు నేలలోకి దిగబడుతుంది.

బాల్‌కి ఎంత దూరంలో నిలబడాలన్నది ఇంకో తలనొప్పి. తుంటి దగ్గర నుంచి వంగండి, వీపు గూని కాకూడదు, కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్లు మడవకూడదు. చేతుల్ని వదిలేస్తే అవి భుజాల కింద ఎక్కడ వేలాడతాయో అక్కడే గ్రిప్ పట్టుకోండి. 7 ఐరన్‌కి గ్రిప్ చివరికీ తొడకీ మధ్య ఒక అరచేయి పట్టాలి. డ్రైవర్ పొడవు 45 అంగుళాలు, 7 ఐరన్ 37, కాబట్టి డ్రైవర్‌కి ఆ సందు పెరుగుతుంది. దూరంగా నిలబడితే క్లబ్ కొసకి తగులుతుందని అనుకుంటాం, కానీ చాలాసార్లు బరువు ముని వేళ్ల మీద పడి, స్వింగ్‌లో ఒళ్లు బాల్ మీదికి తూలి, క్లబ్ మడమ వైపు (కర్ర తలతో కలిసే చోట) తగిలి షాంక్ అవుతుంది, అంటే బాల్ పక్కకి దూసుకుపోతుంది. బూట్లలో కాలి వేళ్లు ఆడించి చూడండి. ఆడకపోతే ముందుకి వాలిపోయారన్నమాట. ఎక్కడ తగులుతోందో తెలియాలంటే క్లబ్ ఫేస్ మీద కొంచెం పౌడర్ రాసి కొట్టండి, మచ్చ పడుతుంది.

డ్రైవర్‌కి మాత్రం పైన చెప్పిన బరువు లెక్క తిరగబడుతుంది. బాల్ టీ (నేలలో గుచ్చే చిన్న పుల్ల) మీద ఉంటుంది, పైకి వస్తూ కొట్టాలి, అందుకే కుడి భుజం కాస్త దిగాలి. టీ ఎత్తు ఎంతంటే, క్లబ్‌ని పక్కన పెడితే సగం బాల్ దాని పైకి కనిపించాలి.

ఇక పరీక్ష. గడ్డి ఉన్న చోట, రేంజ్ వాళ్లని అడిగి, ముగ్గుపిండితో ఒక గీత గీయండి. బాల్ లేకుండా, బాల్ గీత మీదే ఉందనుకుని నిలబడి 7 ఐరన్‌తో పది స్వింగులు. మట్టి గీత మీద గానీ టార్గెట్ వైపు గానీ లేవాలి. గీతకి వెనక లేస్తోందంటే స్వింగ్ జోలికి పోకుండా ముందు బాల్ స్థానం, తర్వాత బరువు సరిచూడండి. గడ్డి దొరకకపోతే మ్యాట్ మీద బాల్‌కి జానెడు కంటే కొంచెం తక్కువ దూరంలో, వెనక ఒక మడత టవల్ పెట్టి కొట్టండి. టవల్ ఎగిరితే ఫ్యాట్, అంటే బాల్ కంటే ముందు నేల తగిలినట్టు.

ఒక జాగ్రత్త, ఇవన్నీ ప్రాక్టీస్‌లోనే. రౌండ్ ఆడుతున్నప్పుడు కాళ్ల దగ్గర క్లబ్ గానీ కర్ర గానీ పెట్టి నిలబడటం సరిచూసుకుంటే, కొట్టేలోపు తీసేసినా సరే, స్ట్రోక్ ప్లేలో (మొత్తం షాట్లు లెక్కపెట్టే ఆటలో) రెండు షాట్ల పెనాల్టీ. అందుకే కోర్సు మీద కొలతలకి గుండీలు, అరచేయి, కాలి వేళ్లు చాలు.